నెలనెలా ఇంట్లో పోకర్ టోర్నమెంట్: పదిన్నరకల్లా ముగియాలంటే ఏం మార్చాలి?

తోటపాలెం ఇస్పేటు (విజయనగరం)

ప్రతి నెలా రెండో శనివారం మేడ మీద గదిలో పదిమందిమి కూర్చుని పోకర్ టోర్నమెంట్ ఆడుతున్నాం. టెక్సాస్ హోల్డెమ్ (మనిషి చేతికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు), నో లిమిట్ (ఉన్నదంతా ఒకేసారి పెట్టొచ్చు). డబ్బు పెట్టం, ఏడాది చివర ఒక కప్పు మాత్రం ఉంటుంది. అందరికీ రమ్మీ, మూడు ముక్కలాట చిన్నప్పట్నుంచీ అలవాటు. పోకర్ మాత్రం కొత్త.

ఇప్పటి లెక్క ఇదీ. మనిషికి 10,000 చిప్స్. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు) అరగంటకోసారి పెంచుతాం: 25/50, 50/100, 100/200, 150/300, 200/400, 300/600, 400/800, 500/1000. చిప్స్ అయిపోయినవాళ్లకి ఎన్నిసార్లైనా మళ్లీ ఇస్తాం, అలా నెలకి ఆరు సార్లు దాకా అవుతుంది. 7 గంటలకి మొదలుపెడితే ఒంటిగంటకి గానీ తేలడం లేదు. బొబ్బిలి, నెల్లిమర్ల వెళ్లాల్సినవాళ్లు మధ్యలోనే లేచిపోతున్నారు. చివరికి కప్పు కోసం ఆడేది ఇల్లు దగ్గరున్నవాళ్లే. ఇది నాకు అస్సలు బాగోలేదు.

రెండో సంగతి తగువులు. ముగ్గురు వేర్వేరు మొత్తాలతో, చేతిలో ఉన్నవన్నీ ఒకేసారి పెట్టి ఆల్‌ఇన్ అన్నప్పుడు ఎవరికెంత వస్తుందో తేలదు. ఒకే రంగు ముక్కలు పెద్దా, వరస పెద్దా అని ప్రతిసారీ వాదనే. మా దగ్గర 300 చిప్స్ పెట్టె ఒకటి, మామూలు కాగితం పేకలు రెండు ఉన్నాయి. ఏవి మార్చుకోవాలో వివరంగా చెప్పండి మాస్టార్లూ.


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

మాస్టారూ, ఆలస్యానికి కారణం మీ లెక్కలోనే ఉంది. టోర్నమెంట్ ఎప్పుడు ముగుస్తుందన్నది ఎంతమంది ఆడుతున్నారన్న దానికంటే, నేల మీదున్న మొత్తం చిప్స్‌లో ఎన్ని పెద్ద బ్లైండ్లు పడతాయన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మొత్తం చిప్స్ 20, 25 పెద్ద బ్లైండ్లకి సమానమయ్యాయంటే మిగిలిన ఇద్దరి దగ్గరా చెరో పది, పన్నెండే ఉంటాయి. అక్కడికి వచ్చాక ఆట నిలవదు, నాలుగైదు డీల్స్‌లో తేలిపోతుంది.

మీది చూడండి. పదిమందికి లక్ష, మళ్లీ ఇచ్చినవి ఆరు సార్లకి 60,000, వెరసి 1,60,000. రాత్రి పదిన్నరకి మీరు ఎనిమిదో మెట్టు ఎక్కుతారు, అప్పుడు పెద్ద బ్లైండు 1000. అంటే నేల మీద ఇంకా 160 పెద్ద బ్లైండ్లు ఉన్నాయి. నలుగురే మిగిలినా మనిషికి 40. అంత చేతిలో ఉంటే ఎవరూ తొందరపడరు, పడనక్కర్లేదు కూడా. ఆ మొత్తానికి ఆట తేలాలంటే పెద్ద బ్లైండు 6000 దాటాలి. మీ మెట్లు అక్కడికి చేరేసరికి ఒంటిగంట అవుతుంది మరి.

మనిషికి 5000 ఇవ్వండి. 25/50తో మొదలైతే వంద పెద్ద బ్లైండ్లు, ఇంట్లో ఆటకి అది ధారాళం. మళ్లీ ఇవ్వడం మనిషికి ఒక్కసారే, అదీ మూడో మెట్టు ముగిసేలోపే. నలుగురు తీసుకున్నారనుకున్నా మొత్తం 70,000 దాటదు. మెట్లు ఇలా పెట్టండి:

7:00 25/50
7:20 50/100
7:40 75/150
8:00 100/200
8:20 150/300
8:40 పది నిమిషాల విరామం, 25 విలువ చిప్స్ తీసేయాలి
8:50 200/400
9:05 300/600
9:20 400/800
9:35 ఐదు నిమిషాల విరామం, 100 విలువ చిప్స్ తీసేయాలి
9:40 500/1000
9:55 1000/2000
10:10 1500/3000

చివరి మెట్టు దగ్గర 70,000 అంటే 23 పెద్ద బ్లైండ్లు. 10:25 కల్లా తేలిపోవాలి. ఎవరూ మళ్లీ తీసుకోకపోతే 1000/2000 దగ్గరే అయిపోతుంది. మొదటి ఐదు మెట్లూ 20 నిమిషాలు ఉంచడానికి కారణం ఉంది. చేత్తో పంచుకునే పదిమంది ఆటలో ఒక డీల్‌కి రెండున్నర, మూడు నిమిషాలు పడుతుంది. 15 నిమిషాలే ఇస్తే ఐదారు డీల్స్‌కే బ్లైండ్లు పెరిగిపోయి, వరసన మంచి ముక్కలు రానివాడు ఆడకుండానే కరిగిపోతాడు. తర్వాత మనుషులు తగ్గుతారు, డీల్స్ వేగంగా సాగుతాయి, కాబట్టి అప్పుడు 15 చాలు.

ఈ మెట్లలో మీరు మార్చకూడనిది ఒకటుంది. 150/300 ఆడినంతసేపూ 25 విలువ చిప్స్ నేల మీద ఉండాలి. చాలామంది 75/150 అవగానే 25లు తీసేస్తారు, ఆ తర్వాత 150 కట్టడానికి 50 దొరకదు. 600/1200 పెట్టకపోవడం కూడా అందుకే. అప్పటికి 100లు తీసేసి ఉంటాం.

ఇక చిప్స్ పంపకం. చాలా 300 పెట్టెల్లో ఒక రంగువి 100, మిగతా నాలుగు రంగులవి 50 చొప్పున ఉంటాయి. ముందు మీ పెట్టె లెక్కపెట్టుకోండి. 100 ఉన్న రంగుకి 100 విలువ ఇవ్వండి. మిగతావాటిలో మూడు రంగులకి 25, 500, 1000. మనిషికి 25వి నాలుగు, 100వి తొమ్మిది, 500వి నాలుగు, 1000వి రెండు. కలిపితే సరిగ్గా 5000, చేతికి 19 బిళ్ళలు. పదిమందికి 190 పోగా మిగిలినవి పెట్టెలోనే. మళ్లీ తీసుకునేవాళ్లకి 1000వి నాలుగు, 500వి రెండు ఇవ్వండి. చిల్లర పక్కవాళ్ల దగ్గర మార్చుకుంటారు. ఐదో రంగు అవసరం లేదు, దాన్ని గదిలోకే తేకండి. ఒకే విలువకి రెండు రంగులు వాడితే పది దాటాక నిద్రమత్తులో లెక్క తప్పుతుంది.

చిప్స్ తీసేసేటప్పుడు ఎవరికీ నష్టం రాకూడదు. ముందు నిండు మార్పిడి: నాలుగు 25లకి ఒక 100, ఐదు 100లకి ఒక 500. విడిగా మిగిలినవాటికి ముక్కలు పంచాలి. ఉదాహరణకి రెండో విరామంలో ఒకరి దగ్గర మూడు 100లు, మరొకరి దగ్గర నాలుగు, ఇంకొకరి దగ్గర రెండు మిగిలాయి. మొత్తం 900, దగ్గరి లెక్కకి 1000, అంటే రెండు 500 బిళ్ళలు. మిగిలిన ప్రతి బిళ్ళకీ ఒక ముక్క చొప్పున, పంచేవారి చోటుని చూపే బిళ్ళ అయిన బటన్‌కి ఎడమపక్క నుంచి, ముఖం పైకి పెట్టి పంచండి. పెద్ద ముక్క వచ్చిన ఇద్దరికీ చెరో 500. ఒక్కరికే రెండూ ఇవ్వకూడదు. ఎవరి దగ్గరైనా ఉన్నవన్నీ ఆ చిల్లరే అయితే, ముక్క పడకపోయినా ఒక బిళ్ళ ఇవ్వాలి. ఈ మార్పిడితో ఎవరూ ఆటలోంచి పోకూడదు.

టైమర్ ఫోన్‌లో పెట్టి ఛార్జర్ తగిలించి ఉంచండి. టీవీలో పెడితే కరెంటు పోగానే ఏ మెట్టులో ఎన్ని నిమిషాలు మిగిలాయో ఎవరికీ తెలీదు. బెల్లు మోగినప్పుడు నడుస్తున్న డీల్ పాత బ్లైండ్లతోనే ముగుస్తుంది. కొత్త డీల్‌కి ముక్క కలపడం మొదలుపెట్టాక మోగితే ఆ డీల్ కూడా పాతదే.


ఆఠీను రాణి (చీపురుపల్లి)

రంగా, వరసా అన్న తగువుకి మూలం మూడు ముక్కలాటే. అక్కడ వరస రంగుని కొడుతుంది. పోకర్‌లో రంగే వరసని కొడుతుంది. ఎవరిష్టానికో పెట్టింది కాదిది, ఏది అరుదైతే అది పెద్దది. మూడు ముక్కల చేతుల్లో రంగులు 1,096 రకాలుగా వస్తాయి, వరసలు 720 రకాలుగానే వస్తాయి, అందుకే అక్కడ వరస పెద్దది. ఐదు ముక్కలకి లెక్క తిరగబడుతుంది: వరసలు 10,200, రంగులు 5,108. ఒకసారి ఈ అంకెలు చెప్పి చూడండి, మళ్లీ ఎవరూ అడగరు.

కింది నుంచి పైకి ఈ క్రమాన్ని ఒక అట్ట మీద రాసి గోడకి తగిలించండి: ఒంటి పెద్ద ముక్క, జత, రెండు జతలు, మూడు ఒకేలాంటివి, వరస, రంగు, మూడు-రెండు (ఒకేలాంటివి మూడు, ఇంకో జత), నాలుగు ఒకేలాంటివి, ఒకే రంగులో వరస. మూడు ఆసులు పట్టుకుని ట్రయల్ (మూడు ముక్కలాటలో అన్నిటికంటే పెద్ద చేయి) కొట్టాననుకునేవాళ్లు మీలో తప్పక ఉంటారు. ఇక్కడ అది వరస కిందే.

రమ్మీ నుంచి వచ్చే అలవాట్లు ఇంకో మూడు ఉన్నాయి. ఆసు పైన రాజు, రాణితోనూ కింద 2, 3తోనూ కలుస్తుంది గానీ మధ్యలో నిలబడదు. రాణి, రాజు, ఆసు, 2, 3 వరస కాదు. ఇస్పేటు పెద్ద, కళావరు చిన్న అన్నది పోకర్ చేతుల్లో లేదు. పైన చెప్పిన చిల్లర ముక్కలు పంచేటప్పుడు మాత్రమే అంకె సమానమైతే ఇస్పేటు, ఆఠీను, డైమన్, కళావరు క్రమం చూస్తారు. మూడోది, లెక్కకి వచ్చేవి ఏడు ముక్కల్లో మంచి ఐదే. మధ్యలో రెండు రాజులు, రెండు 7లు, ఆసు పడ్డాయనుకోండి. ఒకరి చేతిలో రెండు 5లు, మరొకరి చేతిలో రాణి, జాకీ. ఐదుల జత ఉన్నాయన గెలిచానంటాడు. గెలవలేదు. ఇద్దరి మంచి ఐదూ మధ్యలో ఉన్నవే, కాబట్టి పాట్ (మధ్యలో పోగైన పందెం) చెరిసగం. సగం చేసినప్పుడు ఒక బిళ్ళ మిగిలితే బటన్‌కి ఎడమపక్క నుంచి లెక్కేసి ముందొచ్చేవాళ్లది.

ఆల్‌ఇన్ పంపకానికి పద్ధతి ఒక్కటే: అందరికంటే తక్కువ ఉన్నవాడితో మొదలుపెట్టాలి. బ్లైండ్లు 100/200, అవి కట్టిన ఇద్దరూ ఫోల్డ్ చేశారు, అంటే ముక్కలు వదిలేశారు. ముగ్గురు ఆల్‌ఇన్, ఒకరి దగ్గర 1200, రెండోవారి దగ్గర 3000, మూడోవారి దగ్గర 5000. ముగ్గురి ముందు నుంచీ 1200 చొప్పున మధ్యలోకి లాగండి. 3600, దానికి బ్లైండ్ల 300 కలిపితే 3900. ఇది అసలు పాట్, ముగ్గురికీ హక్కుంది. తర్వాత మిగిలిన ఇద్దరి నుంచి 1800 చొప్పున, 3600. ఇది పక్క పాట్, ఆ ఇద్దరిదే. మూడోవారి దగ్గర ఇంకా 2000 మిగిలాయి, వాటికి ఎదురు లేదు గనుక వెంటనే వెనక్కిచ్చేయాలి. ఎంత పెట్టారో లెక్క సరిచూసుకోండి: 9500 పెట్టారు, 3900, 3600, 2000 కలిపితే 9500. ఇచ్చేటప్పుడు పక్క పాట్ ముందు తేల్చి, అసలు పాట్ తర్వాత తేల్చండి. తిరగేసి చేస్తే 1200 పెట్టి గెలిచినవాడు ముక్కలు కలిపేసి లేచిపోతాడు, ఆ తర్వాత ఎవరి చేయి ఏదో గుర్తుండదు. పాట్లు రెండూ దూరదూరంగా పెట్టండి, కుప్ప పక్కన కుప్ప పెడితే చెయ్యి తగిలి కలిసిపోతాయి.

ఇంకో చిక్కు అంతకంటే సూక్ష్మమైనది. ఒకరు 400 పెట్టారు, తర్వాతివారు 600తో ఆల్‌ఇన్. పెంచింది 200 మాత్రమే, నిండు పెంపు 400 కావాలి. ఇప్పటిదాకా వంతు రానివారు 600 కట్టొచ్చు, పెంచదలిస్తే కనీసం 1000 చేయాలి. వాళ్లందరూ కట్టి ఊరుకుంటే, మొదట 400 పెట్టినవారికి తిరిగి వంతు వచ్చినప్పుడు ఇంకో 200 కట్టడమో, ఫోల్డ్ చేయడమో అంతే. మళ్లీ పెంచే హక్కు లేదు.

నోటిమాట సంగతి కూడా మొదట్లోనే ఖాయం చేసుకోండి. బ్లైండ్లు 50/100 ఉన్నప్పుడు మాట్లాడకుండా ఒకే ఒక 500 బిళ్ళ వేస్తే అది 100 కట్టినట్టే, చిల్లర వెనక్కిస్తారు. ముందు రైజ్ (పెంచుతున్నాను) అని, తర్వాత వేస్తే 500 చేసినట్టు. కొంచెం కొంచెంగా ఎదుటివాళ్ల ముఖాలు చూస్తూ బిళ్ళలు తోస్తే మొదటి తోపు వరకే చెల్లుతుంది. ఆల్‌ఇన్ తర్వాత ఇక పందెం మిగలకపోతే అందరూ ముక్కలు తిప్పి చూపించాల్సిందే, దాచుకోవడం లేదు.

పంపకంలో తప్పులు. పేకలోంచి పంచే మొట్టమొదటి రెండు ముక్కల్లో ఏదైనా ముఖం కనిపిస్తే ఆ డీల్ రద్దు, మళ్లీ కలపాలి. ఆ తర్వాత ఒక్క ముక్కే బయటపడితే పంచడం పూర్తిచేసి, ఆ మనిషికి పై ముక్క మార్చి ఇచ్చి, బయటపడ్డదాన్ని మొదటి బర్న్ ముక్కగా (మధ్య ముక్కలు తెరిచేముందు వాడకుండా పక్కన పెట్టేది) పడేయాలి. రెండు బయటపడితే మళ్లీ రద్దే. మధ్యలో మొదట తెరిచే మూడు ముక్కలే ఫ్లాప్. ఫ్లాప్‌లో మూడింటికి బదులు నాలుగు పడితే కంగారు పడొద్దు. నాలుగూ బోర్లా తిప్పి కలిపి, ఆటలో లేని ఒకరిచేత ఒకటి తీయించండి. అది తర్వాతి బర్న్ ముక్క, మిగిలిన మూడూ ఫ్లాప్.

కాగితం పేకలు మానేయండి. మన తీరప్రాంతపు ఉక్కకి రెండు నెలల్లో అంచులు ఉబ్బి, గీతలు పడి, ఆసు ఏదో వెనకనుంచే తెలిసిపోతుంది. పూర్తి ప్లాస్టిక్ పేకలు రెండు, వెనక రంగులు వేర్వేరువి తీసుకోండి. ఒకటి పంచుతుండగా, అంతకుముందు పంచినవారు రెండోది కలిపి సిద్ధం చేయాలి. ఒక్క దీనివల్లే ప్రతి డీల్‌కి అర నిమిషం పైగా కలిసొస్తుంది. ఆట అయ్యాక తడి గుడ్డతో తుడిచి, పొడిగా ఆరాక పెట్టెలో పెట్టండి. కింద కూర్చుని ఆడితే చాప మీద మందపాటి దుప్పటి నాలుగు మడతలు పరవండి, చాప మీద నేరుగా అయితే ముక్క ఎత్తేటప్పుడు వంగుతుంది. పైన ఫ్యాన్ రెండో నంబరు దాటొద్దు, ప్రతివారూ తమ రెండు ముక్కల మీద ఒక బిళ్ళ పెట్టుకోవాలి. గాలికి ముక్క తిరగబడితే అది ఆడేవాళ్ల బాధ్యతే.


గంటస్తంభం (విజయనగరం)

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తాను, ఒక్క విషయంలో తప్ప. మళ్లీ చిప్స్ ఇవ్వడం ఒక్కసారికి కుదించినా, ఊరికే ఇస్తే మొదటి గంట ఎవరూ ఒళ్లు దగ్గరపెట్టుకుని ఆడరు. డబ్బు లేని ఆటలో విలువ పాయింట్లకే ఉంటుంది, కాబట్టి తీసుకున్నవాళ్లకి రెండు పాయింట్లు కోయండి.

పాయింట్లు తేలిక లెక్క. ఆడినవారి సంఖ్యలోంచి స్థానం తీసేసి ఒకటి కలపాలి. దాని మీద మొదటి స్థానానికి 5, రెండుకి 3, మూడుకి 1. పదిమంది ఆడితే గెలిచినవారికి 15, తర్వాత 12, 9, 7, అలా చివరివారికి 1. ఏడాదిలో 12 ఆటల్లో మంచి తొమ్మిదే కలపండి. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు, దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం చుట్టూ ఇంటినిండా చుట్టాలున్నవాళ్లు వెనకబడిపోకుండా ఉంటారు.

డబ్బు పెట్టడం లేదన్నారు, దయచేసి అలాగే ఉంచండి. మన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నాటిది. 2020లో సవరించి ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లని కూడా నిషేధించారు. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. 1967లో సుప్రీంకోర్టు నైపుణ్యం ఆట అన్నది రమ్మీని, అదే తీర్పులో మూడు ముక్కలాటని అదృష్టం ఆట అంది. ఆ తీర్పు చూపించి పోకర్‌లో వంద, రెండొందలు పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. టిఫిన్ల ఖర్చు కూడా ఓడినవాళ్ల మీద వేయకుండా పదిమందికీ సమానంగా పంచండి.

పదకొండో మనిషి వస్తే ఒకే చాప మీద ఇరికించకండి. ఆరుగురు, ఐదుగురు చొప్పున రెండు చాపలు, రెండిటికీ ఒకే టైమర్. ఒకవైపు ఇద్దరు ఎక్కువైనప్పుడు, అక్కడ తర్వాతి డీల్‌కి పెద్ద బ్లైండు కట్టాల్సినవారు రెండోవైపు వెళ్లాలి. తొమ్మిదిమంది మిగలగానే కలిపేసి, చోట్లు ముక్క తీసి నిర్ణయించండి.


తోటపాలెం ఇస్పేటు (విజయనగరం)

ముగ్గురికీ నమస్కారాలు. 25లు ఎప్పుడు తీయాలో ఇప్పటికి అర్థమైంది. ఇంకో మూడు సందేహాలు. ఆలస్యంగా వచ్చేవాళ్లని ఏం చేయాలి? మధ్యలో తప్పక వెళ్లిపోవాల్సినవాళ్ల చిప్స్ ఏం చేయాలి? చివరికి ఇద్దరే మిగిలాక ముందు ఎవరు ఆడాలి?


నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

వస్తామని చెప్పి ఆలస్యమైనవాళ్ల చిప్స్ 7 గంటలకే వాళ్ల చోట్లో పెట్టి, వాళ్లకి కూడా ముక్కలు పంచండి. వంతు వచ్చినప్పుడు బ్లైండ్లు అందులోంచే తీసి, ముక్కలు ఫోల్డ్ చేయండి. అసలు పెట్టకుండా వచ్చాక నిండు 5000 ఇస్తే, ఆలస్యంగా రావడమే లాభమవుతుంది. మూడో మెట్టు అయ్యాక కూడా రాకపోతే ఆ చిప్స్ ఆటలోంచి తీసేయండి, వాళ్లకి చివరి స్థానం.

వెళ్లిపోయేవాళ్లకీ ఇదే పద్ధతి. చిప్స్ అక్కడే ఉంటాయి, బ్లైండ్లకి కరుగుతాయి. కరిగిపోయిన క్షణం నాటి స్థానమే వాళ్లది. స్నేహితుడికి ఇచ్చి వెళ్లడం, మిగిలినవాళ్లు పంచుకోవడం ఒప్పుకోకండి. అలా చేస్తే పక్కవాడికి ఉచితంగా బలం వస్తుంది.

ఇద్దరే మిగిలాక బటన్ ఉన్నవారే చిన్న బ్లైండు కట్టాలి. ఫ్లాప్‌కి ముందు మొదటి వంతు బటన్‌దే, ఫ్లాప్ తర్వాత బటన్‌ది చివరి వంతు. ముక్కలు పంచేటప్పుడు మొదటి ముక్క పెద్ద బ్లైండుకి, చివరిది బటన్‌కి. ముగ్గురి నుంచి ఇద్దరయ్యే డీల్‌లో ఒకరే వరసగా రెండుసార్లు పెద్ద బ్లైండు కట్టాల్సి వచ్చేట్టుంటే, ఆ మనిషికే బటన్ ఇచ్చి అక్కణ్నుంచి మొదలుపెట్టండి.